ఏ గోపురానికి ఏ పొద్దు

సంక్రాంతి సెలవుల్లో గండికోట లోయ అంచున తెల్లవారుజామున గుమిగూడే జనాన్ని చూస్తే తిరునాళ్ల గుర్తొస్తుంది. రాత్రంతా టెంట్లలో పడుకున్న బెంగళూరు కుర్రాళ్లు, జమ్మలమడుగు నుంచి బైకుల మీద వచ్చినవాళ్లు, హరిత హోటల్లో దిగిన హైదరాబాదు కుటుంబాలు, అందరూ బండల మీద చోటు పట్టుకుని తూర్పుకే తిరిగి ఉంటారు. జనవరి నడిమికి అక్కడ పొద్దు పొడిచేది 6 గంటల 45 నిమిషాల ప్రాంతంలో. ఏడుంపావు దాటేసరికి సగం మంది టిఫిను కోసం వెనక్కి మళ్లుతారు. వాళ్ల ఫోన్లలో మిగిలేది దాదాపు ఒకటే బొమ్మ: పైన ఎర్రటి ఆకాశం, కింద నల్లటి ముద్ద. ఏ లోయ కోసం అంత దూరం వచ్చారో అది బొమ్మలో లేదు.

తప్పు ఫోనుది కాదు. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన లోయ అది. రెండు పక్కలా నిటారు గోడలు. సూర్యుడు అప్పుడే దిగంతం మీదికి వచ్చినప్పుడు ఆకాశంలో వెలుతురు నిండుగా ఉంటుంది, లోయ అడుగున మాత్రం ఇంకా రాత్రే. ఆ రెంటినీ ఒకే ఫ్రేములో ఇరికిస్తే కెమెరా ఒకదాన్ని వదిలేయక తప్పదు. సూర్యుడు కాస్త పైకి ఎక్కాక ఎండ ముందు ఎదుటి గోడ అంచును తాకుతుంది, తరువాత మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంది. పొరలు పొరలుగా పేర్చినట్టున్న ఎర్ర రాయి తన అసలు రంగు చూపించేది అప్పుడే. ఆ వేళకు జనం ఇడ్లీ దగ్గర ఉంటారు.

అలాంటి ఒక ఉదయం టిఫినుకు కదలనివాళ్లలో ఒక మామా అల్లుడూ ఉన్నారు. మామది ప్రొద్దుటూరు. ఫిల్ము రీళ్ల కాలం నుంచి పెళ్లిళ్లూ పాస్‌పోర్టు ఫొటోలూ తీస్తూ స్టూడియో నడిపిన మనిషి. అల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరా, మూడు లెన్సులు, సూర్యుడు ఏ నిమిషంలో ఏ దిక్కున ఉంటాడో మ్యాపు మీద గీత గీసి చూపించే యాప్ అతని దగ్గరున్నాయి.

"మామా, జనమంతా పోతాండారు. మనమూ పోదామా?"

"పోనీ అబ్బీ. వాళ్లు పోతేనే కదా మనకు బండ ఖాళీ అయ్యేది."

గండికోట నుంచి హంపి దాకా వాళ్లు వేసుకున్న ప్రయాణంలో ఒక విశేషం ఉంది. మామూలుగా టూరు ప్లాను కిలోమీటర్లను బట్టి వేస్తారు. దగ్గరున్నది ముందు, దూరమున్నది తరువాత. వీళ్లు వేసుకున్నది వెలుతురును బట్టి. ప్రతి చోటికీ ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకున్నారు: గుడి గానీ కోట గానీ ఏ దిక్కుకు తిరిగి ఉంది, గేటు ఎప్పుడు తెరిచి ఎప్పుడు మూస్తారు, ఆ వేళకు సూర్యుడు ఎక్కడుంటాడు. ఆ మూడూ కలిసిన చోట ఆగడం, కలవని చోట కెమెరా బ్యాగులో పెట్టేసి మామూలు యాత్రికుల్లా తిరగడం. సగం మంది ఫొటోగ్రాఫర్లు చేయలేనిది ఈ రెండో పనే.

ఫొటోగ్రఫీ పుస్తకాల్లోనూ యూట్యూబు పాఠాల్లోనూ గోల్డెన్ అవర్ అన్న మాట విపరీతంగా వినిపిస్తుంది. పొద్దు పొడిచాక ఒక గంట, కుంకే ముందు ఒక గంట బంగారు వెలుతురు ఉంటుందని. ఆ లెక్క కట్టినవాళ్లు ఎక్కువగా ఐరోపాలోనో ఉత్తర అమెరికాలోనో ఉన్నవాళ్లు. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ సూర్యుడు ఏటవాలుగా కాక దాదాపు నిలువునా పైకి లేస్తాడు. గండికోట, హంపి రెండూ 15 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూగా ఉన్నాయి. జనవరిలో అక్కడ సూర్యుడు దిగంతం నుంచి 6 డిగ్రీల ఎత్తుకు రావడానికి అరగంట కూడా పట్టదు. లండన్‌లో జూన్ నెలలో అదే ఎత్తుకు దాదాపు 50 నిమిషాలు పడుతుంది. కాబట్టి మనకున్నది బంగారు గంట కాదు, బంగారు అరగంట. తరువాత మరో పావుగంట పనికొస్తుంది. ఆపైన ఎండ తెల్లబడిపోతుంది. సరిగ్గా సూర్యోదయానికి చేరి, అప్పుడు ట్రైపాడ్ విప్పి, ఏ లెన్సు పెట్టాలా అని ఆలోచించేవాడికి ఇక్కడ ఏమీ దొరకదు. చోటు ముందురోజు సాయంత్రమే చూసుకోవాలి.

ఇంకో సంగతి గడియారానిది. దేశమంతటికీ ఒకే సమయం, ఆ సమయానికి ఆధారం కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం. హంపి దానికి ఆరు డిగ్రీలు పడమటగా ఉంది. అంటే ఒకే రోజున విశాఖపట్నంలో పొద్దు పొడిచిన దాదాపు అరగంటకు గానీ హంపిలో పొడవదు. విశాఖ బీచ్‌లో అలవాటైన టైముకు హంపి కొండెక్కితే చలిలో కూర్చోవాలి. సాయంత్రం మాత్రం అదే అరగంట ఎక్కువ దొరుకుతుంది.

గండికోట లోపల జామా మసీదు ముంగిట్లో, దాని చుట్టూ ఉన్న కమానుల వరుసలో మామ ఎక్కువసేపు గడిపాడు. లోయను ఎంతమంది తీస్తారో అంతమంది ఆ కమానులను వదిలేస్తారు. పక్కనే ధాన్యాగారం, ఆవల మాధవరాయ గుడి గోపురం. ఎనిమిది దాటాక కూడా కమానుల కింద నీడలు పొడవుగానే ఉన్నాయి. ఎండతో పాటు నీడ గీత జరుగుతుంటే ఆయన ఒక్కో స్తంభానికీ ఒక్కో బొమ్మ తీశాడు.

అక్కడి నుంచి ప్రయాణం పెన్నకు ఎదురుగా, తాడిపత్రికి. నది ఒడ్డునే బుగ్గ రామలింగేశ్వర ఆలయం. దాని గోపురాలు పైదాకా కట్టకుండానే ఆగిపోయాయి గానీ, కట్టినంత మేరా చెయ్యి పెట్టడానికి చోటు లేనంత చెక్కడం. 19వ శతాబ్దంలో భారతీయ వాస్తును గురించి రాసిన జేమ్స్ ఫెర్గుసన్ అంతటివాడు వాటిని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. ఇలాంటి చెక్కడానికి నెత్తి మీది ఎండా పనికిరాదు, ఎదురుగా పడే ఎండా పనికిరాదు. ఎదురు ఎండలో శిల్పం రాతికి అంటుకుపోయినట్టు చదునుగా కనిపిస్తుంది. గోడను ఒరుసుకుంటూ పక్క నుంచి వచ్చే ఎండలో మాత్రం ప్రతి వంపుకూ ఒక నీడ తోడై, వేళ్లూ నగలూ మడతలూ లేచి నిలబడతాయి. ఏ గోడకైనా అలాంటి వేళ పొద్దున కాసేపు గానీ సాయంత్రం కాసేపు గానీ వస్తుంది, తరువాత జారిపోతుంది. నల్లరాయి కాబట్టి ఇంకో చిక్కు: కెమెరాను దాని మానాన వదిలితే రాతిని బూడిద రంగుకు తెల్లబరుస్తుంది. ఒక మెట్టు తగ్గించి తీయాలి. "నలుపు నలుపుగా ఉండాల. పెండ్లికూతురు జుట్టు తీసినట్టే" అన్నాడు మామ, తన వృత్తి భాషలో.

ఊళ్లోనే చింతల వెంకటరమణస్వామి ఆలయంలో గరుడ మండపం రథం ఆకారంలో ఉంది. రాతి చక్రాలతో సహా. హంపి రాతిరథాన్ని చూడటానికి వందల కిలోమీటర్లు పోయేవాళ్లలో తాడిపత్రిలో ఇది ఉందని తెలిసినవాళ్లు తక్కువ. ఇక్కడ ఫొటో కోసం వరుసలో నిలబడనక్కర్లేదు. పూజారిని అడిగి, ఆయన సరేనన్న చోటి వరకే తీస్తే చాలు.

తాడిపత్రి నుంచి గుత్తి, గుంతకల్లు, బళ్లారి మీదుగా 67వ నంబరు జాతీయ రహదారి హోసపేట చేరుస్తుంది. దారిలో గుత్తి కోట. కొండ మీద గోడలు తీగల్లా పాకి ఉన్న గొప్ప కోట అది. మధ్యాహ్నం రెండింటికి దాని కిందుగా పోతూ అల్లుడు కారు ఆపమన్నాడు. మామ ఆపలేదు. ఆ వేళప్పుడు కొండా గోడా ఒకే రంగులో కలిసిపోయి ఉంటాయి, తీసినా ఎవరూ రెండోసారి చూడని బొమ్మ వస్తుంది. గుత్తికి వేరే రోజు, వేరే పొద్దు. దారిలో ఉంది కదా అని ఆగడం ప్రయాణానికి మంచిదే కావచ్చు, ఫొటోకు మాత్రం కాదు.

హంపి విషయానికి వస్తే, అంత పెద్ద చోట ప్లాను లేకుండా దిగడం కన్నా పొరపాటు లేదు. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ శిథిల నగరం ఊళ్లకు ఊళ్ల మేర పరుచుకుని ఉంది. తుంగభద్రకు ఈ ఒడ్డున హంపి, కమలాపురం. ఆ ఒడ్డున ఆనెగొంది. ఆటోవాళ్లు వరుసగా తిప్పి చూపించే దారి ఒకటుంది. అది పెట్రోలుకు అనువైన దారి. ఆ వరుసలో పోతే తూర్పు ముఖంగా ఉన్నవి సాయంత్రం, పడమటి ముఖంగా ఉన్నవి పొద్దున కనిపించే ప్రమాదం ఉంది.

ఏనుగుల శాలనే తీసుకోండి. పదకొండు గదులు ఒకే వరుసలో, పైన రకరకాల గుమ్మటాలు. ఆ వరుస మొత్తం పడమటి వైపు తిరిగి ఉంది. పొద్దున పోతే సూర్యుడు గుమ్మటాల వెనక ఉండి ముఖభాగమంతా నీడలో పడిపోతుంది. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో అదే గోడ తేనె రంగుకు తిరుగుతుంది, ఒక్కో కమాను లోపలికీ ఎండ దూరి వెనక గోడ దాకా పోతుంది. అయితే అస్తమయం వరకు ఉండనివ్వరు. బంగారు అరగంట మొదలయ్యేలోపే కాపలావాళ్లు ఈలలు వేస్తూ జనాన్ని బయటికి నడిపిస్తారు. కాబట్టి అక్కడ కోరుకోవలసింది ఆఖరి వెలుతురు కాదు, గేటు మూయడానికి ముందున్న వెలుతురు. రాతిరథం ఉన్న విఠ్ఠలాలయానికీ ఈ ప్రాంగణానికీ అదే రోజు చెల్లే ఒకే టికెట్టు. పొద్దున విఠ్ఠలాలయం, సాయంత్రం ఏనుగుల శాల అనుకుంటే డబ్బూ వెలుతురూ రెండూ కలిసొస్తాయి.

సూర్యోదయానికి అందరూ చెప్పేది మాతంగ పర్వతం. చీకట్లో మెట్లూ బండలూ ఎక్కాలి. ఒంటరిగా పోవద్దని స్థానికులే చెబుతారు, వినడం మంచిది. పైన గుడి కప్పు మీద కూర్చున్నవాళ్లంతా మళ్లీ తూర్పుకే తిరిగి ఉంటారు. సూర్యుడు ఎక్కడైనా సూర్యుడే. మాతంగ మీద నుంచి మాత్రమే దొరికేది వాళ్ల వీపుల వెనక జరుగుతుంటుంది. పడమటి దిక్కున, హంపి బజారు చివర, దాదాపు 50 మీటర్ల ఎత్తున్న విరూపాక్ష గోపురం తూర్పు ముఖంగా నిలబడి ఉంది. తొలి ఎండ ముందు దాని శిఖరాన్ని అంటుకుంటుంది, తరువాత అంతస్తు తరువాత అంతస్తుగా దిగుతుంది. గోపురం సగం వెలిగి, కింద బజారు మండపాలు ఇంకా నీలం నీడలోనే ఉన్న ఆ కొద్ది నిమిషాలే అసలు బొమ్మ. కొండకు ఉత్తరాన, కాళ్ల కిందే అన్నట్టు, అచ్యుతరాయ ఆలయం ప్రాకారాలతో సహా పటం పరిచినట్టు కనిపిస్తుంది. చలికాలంలో నది మీది పొగమంచు అరటి తోటల దాకా పాకి ఉంటే గోపురం దానిలోంచి పైకి తేలుతుంది. విజయనగర కాలంలో తవ్విన కాలువలు ఇప్పటికీ పారుతున్నాయి కాబట్టి జనవరిలోనూ ఆ తోటల పచ్చదనానికి లోటు లేదు.

"ఎండకు వీపు చూపించి నిలబడు అబ్బీ" అని మామ చెప్పింది ఇందుకే. అల్లుడు రెండు దిక్కులా తీశాడు. కుర్రతనం.

కొండ దిగాక విరూపాక్ష ఆలయం. ఇక్కడ ఇంకా పూజలు జరుగుతున్నాయి. ఏనుగును నదికి స్నానానికి తీసుకెళ్తారు, మెట్ల మీద బట్టలు ఉతుకుతారు, పెళ్లివాళ్లు వస్తారు, కోతులు కొబ్బరిచిప్పలు లాక్కుపోతాయి. హంపిని మనుషులు లేకుండా తీయాలని తాపత్రయపడేవాళ్లు చాలామంది. ఖాళీ రాళ్లే కావాలనుకుంటే సరే గానీ, ఈ గుడి వరకు ఆ పట్టుదల అర్థం లేనిది. మనిషిని తీయబోయే ముందు ఒక చూపు, ఒక నవ్వు, ఒక మాట చాలు. హోసపేట, బళ్లారి ప్రాంతంలో తెలుగు అర్థమయ్యేవాళ్లు ఎంతోమంది.

గర్భగుడి వెనక ఒక చీకటి గది ఉంది. దాని గోడకు చిన్న కంత. బయటి రాజగోపురం నీడ ఆ కంత గుండా లోపలికి వచ్చి ఎదుటి గోడ మీద తలకిందులుగా పడుతుంది. వెలుతురు తిన్నగా ప్రయాణించడం వల్ల గోపురం శిఖరం నుంచి వచ్చే కిరణం గోడ మీద కిందికీ, మొదలు నుంచి వచ్చేది పైకీ పోతాయి. లెన్సు లేని కెమెరా పనిచేసేది ఈ సూత్రం మీదే. చాలామంది లోపలికి వచ్చి, ఏమీ కనిపించక, ఫోను ఫ్లాష్ వెలిగించి, కనిపించబోయేదాన్ని కూడా చెరిపేసి పోతారు. గదిలో కాసేపు ఊరికే నిలబడాలి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ముందు మసకగా ఒక ముక్కోణం, తరువాత అంతస్తుల అంచులు, తలకిందులు కలశాలు తేలుతాయి. ఫోనును గోడకు ఆనించి, ఫ్లాష్ తీసేసి, నైట్ మోడ్‌లో కదలకుండా పట్టుకుంటే వస్తుంది. మామ ఈ గది ముందు కుర్రాడైపోయాడు. తన స్టూడియో డార్క్‌రూమ్ ఎన్లార్జరు కింద కాగితం మీద బొమ్మ తలకిందులుగా పడేదని అల్లుడికి చేతులు తిప్పి తిప్పి చూపించాడు.

కెమెరాతో హంపికి వచ్చినవాళ్లలో తొలి తరం మనిషి అలెగ్జాండర్ గ్రీన్‌లా. మద్రాసు సైన్యంలో అధికారి. 1856లో, మైనం పూసిన కాగితం నెగెటివ్‌లతో, పెద్ద చెక్క కెమెరాతో ఈ శిథిలాల మధ్య తిరిగాడు. ఆ కాగితానికి వెలుతురు తాగడం నిదానం. లెన్సు మూత తీసి చాలాసేపు వేచి ఉండాలి, ఆలోగా కదిలిన మనిషి బొమ్మలోంచి మాయమవుతాడు. అయినా ఆయన ఫొటోలు ఇప్పుడు చూస్తే ఒక్కో రాయీ లెక్కపెట్టవచ్చు. విఠ్ఠలాలయం రాతిరథం మీద అప్పట్లో ఇటుకల శిఖరం ఉండేదని ఆయన ఫొటోలో కంటికి కనిపిస్తుంది. తరువాత అది లేకుండా పోయింది. 1983లో ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ గ్రీన్‌లా నిలబడిన చోట్లను వెతికి పట్టుకుని అవే దృశ్యాలను మళ్లీ తీశాడు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే ఏ స్తంభం ఒరిగిందో, ఎక్కడ చెట్టు మొలిచిందో, ఏ గోడ మాయమైందో తెలిసిపోతుంది. చోటు ఎంచుకోవడానికి ఇంత విలువ ఉంది.

ఆ రథమే 2017లో వచ్చిన యాభై రూపాయల నోటు వెనక ఉంది. నోటు చేత్తో పట్టుకుని, నోటు మీది రథాన్నీ ఎదుటి రథాన్నీ ఒకే గీతలో పెట్టి ఫొటో తీసుకోవడం ఇప్పుడు అక్కడ పెద్ద సరదా. టికెట్టు కౌంటరు తెరిచి, పార్కింగు నుంచి బ్యాటరీ బండి ఎక్కి లోపలికి చేరేసరికి సూర్యుడు బాగా పైకి వచ్చేసి ఉంటాడు. రథం చుట్టూ జనం. వీళ్లిద్దరూ రథాన్ని పది నిమిషాల్లో ముగించుకుని మండపాల్లోకి పోయారు. మహామండపం పైకప్పు ఒక భాగం కూలిపోయి ఉండటంతో ఎండ అక్కడ నేరుగా దిగుతుంది, దాని చుట్టూ స్తంభాల మీద నేలకు తగిలి తిరిగొచ్చే మెత్తటి వెలుతురు పడుతుంది. యాళి శిల్పాల కోరల కింద చెక్కిన సన్నపనికి అదే చాలు. ట్రైపాడ్ మాత్రం తీయకూడదు. పురావస్తు శాఖ కట్టడాల్లో దానికి ముందస్తు అనుమతి కావాలి, డ్రోనుకైతే మరీ. అల్లుడు మోసుకొచ్చిన ట్రైపాడ్ అక్కడ ఒట్టి బరువు.

చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి పోతాడు. సంక్రాంతి రోజుల్లో హంపిలో మిట్టమధ్యాహ్నం కూడా ఆయన నడినెత్తికి రాడు, దక్షిణపు ఆకాశంలో 54 డిగ్రీల ఎత్తునే ఆగిపోతాడు. అందువల్ల దక్షిణపు గోడలకు రోజంతా ఎండ, ఉత్తరపు గోడలకు రోజంతా నీడ. ఉత్తరపు గోడ మీద మధ్యాహ్నపు ఎండ చూడాలంటే మే మొదటి వారం దాటాలి. ఆ వారంలో ఒక రోజు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు స్తంభానికి నీడే ఉండదు. అక్కడి నుంచి ఆగస్టు రెండో వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. హజార రామాలయం ప్రాకారం మీది ఏనుగుల, గుర్రాల, నర్తకుల బారులను తీయాలనుకునేవాడికి ఈ లెక్క తెలియడం ఏ లెన్సు కొనడం కన్నా లాభం.

మధ్యాహ్నం పనికిరాని వేళ అన్నది కూడా సగం నిజమే. ఉగ్రనరసింహుడి పక్కన బడవిలింగం గుడికి పైకప్పు లేదు, లింగం నీళ్లలో ఉంటుంది. ఎండ పైనుంచి దిగితేనే ఆ నీళ్లు వెలుగుతాయి. 1980లలో తవ్వకాల్లో బయటపడిన మెట్ల కోనేరు కూడా అంతే. నల్లరాతి మెట్లు ముక్కోణాలుగా పేర్చి ఉంటాయి, నిటారు ఎండలో ఒక్కో మెట్టు కిందా కత్తితో కోసినట్టు నీడ పడుతుంది. దగ్గరికి పోతే కోనేరు కట్టిన పనివాళ్లు రాళ్ల మీద చెక్కిన గుర్తులు, అక్షరాలు ఉన్నాయి, ఏ రాయి ఏ వైపు ఏ వరుసలో పెట్టాలో. ఆ గుర్తుల మీద పక్క వెలుతురు పడే వేళ కోసం అల్లుడు మళ్లీ వచ్చాడు. అది మాత్రం అతని సొంత ఆలోచన.

వెన్నెల కావాలనుకునేవాళ్లు పున్నమి నాడు పోతారు. పున్నమి చంద్రుడు సూర్యాస్తమయానికి అటూ ఇటూగా ఉదయిస్తాడు, చక్కగా పైకి వచ్చేసరికి నేలంతా చీకటి. చంద్రుడు తెల్లటి బొట్టులా, గోపురం నల్లగా వస్తాయి. ముందురోజు చతుర్దశి చంద్రుడు ముప్పావు గంటో ఆ పైనో ముందే లేస్తాడు. అస్తమయపు ఎండ గోపురాల మీద ఉండగానే ఆకాశంలో ఉంటాడు, రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌లో ఇముడుతాయి. మామ గోడ క్యాలెండరులో తిథి చూసుకుని ఈ పని చేస్తాడు, అల్లుడు యాప్‌లో. సమాధానం ఒకటే వస్తుంది. హేమకూటం కొండ మీద చోటు దొరకడానికి మాత్రం రెండూ సాయపడవు, ఐదు గంటలకే పోయి కూర్చోవాలి.

ఒక నెలలో తప్పిపోయిన పొద్దు అదే ఏడాదిలో ఇంకోసారి వస్తుందన్నది చాలామందికి తట్టదు. శ్రీకాకుళం దగ్గర అరసవిల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకేది మార్చిలో కొన్ని రోజులు, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు. అది కాకతాళీయం కాదు. డిసెంబరు 21కి ముందు ఎన్ని రోజులో తరువాత కూడా అన్ని రోజులు లెక్కపెడితే సూర్యుడు ఆకాశంలో నడిచే దారి ఇంచుమించు ఒకటే. ఫిబ్రవరి 10న హంపిలో ఏ గోడ మీద ఏ వేళ ఎండ పడిందో నవంబరు 1న మళ్లీ అక్కడే పడుతుంది. గడియారం టైము దాదాపు అరగంట మారుతుంది, అంతే. మారేది నేల. నవంబరులో వానలు వెలిసి నీరూ పచ్చా నిండుగా, గాలి కడిగినట్టు ఉంటుంది. ఫిబ్రవరికి దుమ్ము మొదలవుతుంది.

రాళ్ల సంగతి వరకు సూర్యుడి లెక్క చాలు. పూలకూ పక్షులకూ మంచుకూ ఆ లెక్క చాలదు. అరకు లోయలో వలిసె చేలు పసుపు రంగుకు తిరిగేది వానాకాలం పోయి చలి మొదలయ్యే రోజుల్లో, కొద్ది వారాలే. చేలో అడుగుపెట్టే ముందు రైతును అడగాలి. ఆయన డబ్బడిగితే ఇవ్వాలి, తొక్కినది ఆయన పంట. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మేఘాల సముద్రం కావాలంటే చలికాలమే, అదీ రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి లేకపోతేనే. పులికాట్‌లో రాజహంసలు చలికాలంలో దిగుతాయి గానీ సరస్సులో నీటి మట్టాన్ని బట్టి ఒక ఏడు దగ్గరగా, ఒక ఏడు బైనాక్యులర్ పెట్టినా అందనంత దూరంగా మేస్తాయి. ఇలాంటి చోట్లకు యాప్ కన్నా అక్కడ టీ కొట్టు నడిపే మనిషి ఫోను నంబరు విలువైనది.

హంపిలో ఆ పని చేసిపెట్టింది హోసపేట ఆటో డ్రైవరు. తిరుగు ప్రయాణం రోజు అల్లుడు తన తరువాతి ప్లాను ఆయన ముందు పెట్టాడు. ఆగస్టులో తుంగభద్ర డ్యాం నిండి గేట్లు ఎత్తితే నది ఒడ్డున ఉన్న పురందరదాసు మండపం నీళ్లలో మునుగుతుంది. స్తంభాల పైభాగాలు మాత్రం తేలి, చుట్టూ ఎర్రటి వరద, వెనక మబ్బు పట్టిన బండ కొండలు. ఎండ అక్కర్లేని బొమ్మ అది.

"ముందు ఫోన్ చేసి రండి సార్" అన్నాడు డ్రైవరు. "నీళ్లు ఎక్కువ వదిలితే ఒడ్డు దాకా పోనివ్వరు. పోలీసులు తాళ్లు కడతారు. పుట్టి కూడా నడవదు, ఆ ఒడ్డుకు పోవాలంటే బ్రిడ్జి మీదుగా చుట్టూ తిరిగి పోవాల్సిందే."

"అయితే ఆనెగొంది వైపు రూము తీసుకోవద్దు అబ్బీ" అన్నాడు మామ. "ఈ ఒడ్డునే చూడు. కొండ మీంచి తీయడానికి లాంగ్ లెన్సు కావాల. నా పాతది ఉంది, నీ కెమెరాకు పట్టే అడాప్టరు దొరుకుతుందేమో హైదరాబాదులో అడుగు."

అల్లుడు డ్రైవరు నంబరు ఫోనులో ఎక్కించుకుని, పక్కన 'డ్యాం నీళ్లు' అని రాసుకున్నాడు.